ఫ్రీజర్ నుంచి ఆఫీసు బాక్సులోకి: వేడి చేస్తే అన్నీ పోతాయా?

మధ్యాహ్నం పన్నెండున్నర దాటిందంటే హైదరాబాద్ ఐటీ ఆఫీసుల పాంట్రీల్లో ఓవెన్ ముందు క్యూ మొదలవుతుంది. మనిషికి రెండు నిమిషాలన్నది ఎవరూ రాయని రూలు. ఆ క్యూలో ఒకరు రాయిలా గడ్డకట్టిన సాంబారన్నం తెచ్చారంటే వెనకవాళ్ళకు తిప్పలే. రెండు నిమిషాలు తిప్పి తీస్తే అంచుల్లో సాంబారు కుతకుతలాడుతుంది, మధ్యలో చెంచా దిగదు. ఇంకో నిమిషం పెట్టి, వెనక నిలబడ్డవాళ్ళను చూసి మొహమాటపడి, సగం వేడిది సగం చల్లనిది కలుపుకుని తినేస్తారు. ఈ ఇబ్బంది లేకుండా చాలామంది ఒక ఉపాయం కనిపెట్టారు. పొద్దున ఫ్రీజర్‌లోంచి తీసిన బాక్సును అలాగే డెస్క్ మీద పెట్టేస్తారు. లంచ్ టైముకి దానంతటదే కరుగుతుంది. తర్వాత ఓవెన్‌లో రెండు నిమిషాలు చాలు.

ఉపాయం బాగానే పనిచేస్తుంది. చిక్కు కూడా అందులోనే ఉంది.

వండినదాన్ని గడ్డకట్టించి దాచుకోవడం మన ఇళ్ళకు కొత్త. నిల్వ అంటే మనకు ఉప్పు, నూనె, ఎండ. ఆవకాయ, వడియాలు, ఒరుగులు, పొడులు, అన్నీ ఈ మూడింటి మీద నిలబడ్డవే. కూర, పప్పు మాత్రం ఏ పూటకాపూట. ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్ళే ఇళ్ళలో ఆదివారం వండి వారమంతా తినే పద్ధతి ఇప్పుడిప్పుడే స్థిరపడుతోంది. అమెరికాలో ఉండే తెలుగువాళ్ళకు ఇది ముందే అలవాటు. కూతురి పురుటికి వెళ్ళిన తల్లి తిరుగు ప్రయాణానికి ముందు వారం రోజులు వండి, ఫ్రీజర్ నిండా డబ్బాలు పెట్టి వస్తుంది. ఫ్రీజర్ వచ్చింది కానీ, అన్నం బాగుందో లేదో తేల్చే పద్ధతి పాతదే మిగిలింది: వాసన చూడటం, జిగురు వచ్చిందేమో వేలితో తాకడం, అనుమానం ఉంటే మరోసారి మరగబెట్టడం. ఎండకూ గదివేడికీ పాచిపోయే తిండికి ఈ పరీక్షలు చాలావరకు పనికొస్తాయి. ఫ్రీజర్ నుంచి వచ్చే బాక్సు విషయంలో మూడూ మోసం చేస్తాయి.

ముందుగా ఫ్రీజర్ ఏం చేస్తుందో చూద్దాం. మైనస్ 18 డిగ్రీల సెల్సియస్ దగ్గర బాక్టీరియా పెరగడం ఆగిపోతుంది. కానీ చావదు. కొన్ని చచ్చినా మిగిలినవి నిద్రపోయినట్టు పడి ఉంటాయి, కరగగానే మళ్ళీ పని మొదలుపెడతాయి. అంటే ఫ్రీజర్‌లోకి ఏ స్థితిలో వెళ్ళిందో తిండి దాదాపు అదే స్థితిలో బయటికొస్తుంది. అప్పటికే నాలుగు గంటలు వంటింటి గట్టు మీద ఉన్న చికెన్ కూరను ఫ్రీజర్‌లో పెట్టడమంటే, ఆ నాలుగు గంటల నష్టాన్ని కూడా భద్రంగా దాచుకోవడమే.

బాక్టీరియాకు అనువైన వేడి సుమారు 5 నుంచి 60 డిగ్రీల మధ్య. వండినది ఈ మధ్యలో రెండు గంటలకు మించి ఉండకూడదని, బయట 32 డిగ్రీలు దాటితే ఒక్క గంటేనని అమెరికా వ్యవసాయ శాఖ చెబుతుంది. మన ఎండాకాలానికి ఈ ఒక్క గంట లెక్కే వర్తిస్తుంది. ఆఫీసులో ఏసీ ఉంది కదా అనిపిస్తుంది. మనిషికి హాయిగా ఉండే 24 డిగ్రీలు బాక్టీరియాకూ బాగానే ఉంటాయి.

గడ్డకట్టిన బాక్సు మాత్రం చల్లగానే ఉంటుందిగా, మధ్యలో ఇంకా మంచే ఉంది కదా అన్నది తర్వాత వచ్చే వాదన. ఇక్కడ భౌతికశాస్త్రం కొంచెం వింతగా ఉంటుంది. వేడిని మోసుకెళ్ళడంలో మంచు నీటికంటే సుమారు నాలుగు రెట్లు చురుకు. గడ్డకట్టేటప్పుడు పైపొర ముందు మంచుగా మారి, లోపలి వేడిని త్వరగా బయటికి పంపేస్తుంది. కరిగేటప్పుడు అంతా తిరగబడుతుంది. పైపొర ముందు నీరై, లోపలికి వేడి వెళ్ళకుండా దుప్పటిలా అడ్డుపడుతుంది. అందుకే గడ్డకట్టడం కంటే కరగడం నెమ్మది. డెస్క్ మీద బాక్సులో మధ్యన మంచుగడ్డ ఉండగానే అంచులు గదివేడికి దగ్గరవుతాయి. పొద్దున ఏడున్నరకు తీసి ఒంటిగంటకు తింటే మధ్యలో ఐదున్నర గంటలు. ఆ అంచుకు అందులో మూడు నాలుగు గంటలు గదివేడిలోనే గడిచిపోవచ్చు. మధ్యలో ఉన్న మంచు చూసి ధైర్యపడితే ఉపయోగం లేదు.

'ఎలాగూ మళ్ళీ మరిగిస్తాం కదా, ఉన్నవన్నీ చస్తాయి' అన్నది అందరికంటే బలమైన వాదన. వీటిలో కొన్ని నిజంగానే చస్తాయి. పెద్ద గిన్నెలో వండిన మాంసం కూరల్లో, గ్రేవీల్లో పెరిగే క్లాస్ట్రిడియం పెర్‌ఫ్రింజెన్స్‌ను తీసుకోండి. దానికి 43–47 డిగ్రీల దగ్గర పండగ. అనుకూలిస్తే సుమారు పది నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. ఆ లెక్కన రెండు గంటల్లో ఒక్కటి నాలుగు వేలు. తిన్న 6 నుంచి 24 గంటల్లో కడుపునొప్పి, విరేచనాలు. అయితే ఇది బతికి కడుపులోకి వెళ్తేనే అక్కడ విషం తయారుచేస్తుంది కాబట్టి, లోపలిదాకా బాగా మరిగిస్తే ఆ ప్రమాదం తప్పుతుంది.

అన్నంలో ఉండేది వేరే రకం. బాసిల్లస్ సెరియస్ అనే ఈ బాక్టీరియా మట్టిలో ఉంటుంది, బియ్యంతో పాటు ఇంటికొస్తుంది. దాని బీజాలు (స్పోర్లు, అంటే వేడిని తట్టుకోవడానికి అది తీసుకునే గట్టి నిద్రరూపం) 100 డిగ్రీల్లో అన్నం ఉడికినా చావకుండా ఉండగలవు. ఉడికిన అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే ఆ బీజాలు మొలకెత్తి పెరుగుతాయి. వాటిలో కొన్ని రకాలు అన్నంలోనే సెరులైడ్ అనే విషాన్ని వదులుతాయి. ఈ విషం మొండిది. ప్రెషర్ కుక్కర్‌లో వచ్చే 120 డిగ్రీల వేడికి కూడా విరిగిపోదు. అది విడుదలయ్యాక బాక్టీరియాను చంపినా ఒకటే, చంపకపోయినా ఒకటే. తిన్న ఒకటి నుంచి ఆరు గంటల్లోపు వాంతులు మొదలవుతాయి. 1970ల్లో బ్రిటన్‌లోని చైనీస్ హోటళ్ళ ఫ్రైడ్ రైస్ వల్ల ఈ సంగతి వెలుగులోకి వచ్చింది. అక్కడ అన్నం ముందే వండి గదిలో వదిలేసి, ఆర్డర్ వచ్చినప్పుడు పెనం మీద గబగబా వేపేవారు. చేతుల మీద, ముక్కులో ఉండే స్టాఫిలోకాకస్ వదిలే విషం కూడా ఇలాగే మరిగించినా పోదు. చల్లారిన కూరలో చెయ్యిపెట్టి ముక్కలు సర్దడం మంచిది కాదనడానికి అదే కారణం. ఇవేవీ తప్పనిసరిగా వాసన ఇవ్వవు. అన్నం చూడటానికి, తినటానికి మామూలుగానే ఉంటుంది.

ఇక్కడ చద్దన్నం సంగతి రాక తప్పదు. తాతల కాలం నుంచి రాత్రి అన్నం పొద్దున తింటూనే ఉన్నాం, ఎవరికేమైంది అంటారు. న్యాయమైన ప్రశ్నే. రాత్రి అన్నంలో నీళ్ళో మజ్జిగో పోసి ఉంచితే పొద్దుటికి పులుస్తుంది. ఆ పులుపు చేసేది లాక్టిక్ ఆమ్లం తయారుచేసే మంచి బాక్టీరియా. పులుపు పెరిగేకొద్దీ చెడ్డవాటికి చోటు తగ్గుతుంది. పులిహోర ప్రయాణాలకు నిలవడానికీ కారణం ఇదే, చింతపండు పులుపు. పులవకుండా, ఏ పులుపూ కలవకుండా గిన్నెలో మూతపెట్టి వదిలేసిన తెల్లన్నానికి ఈ కాపలా ఏదీ లేదు. దాన్ని చద్దన్నంతో పోల్చడం సరికాదు. ముద్దపప్పు, పాలకూర పప్పు కూడా అంతే. గోంగూర పప్పు వాటికంటే కొంత నయం.

అసలు జాగ్రత్త కాబట్టి ఓవెన్ దగ్గర కాదు, ఆదివారం వంట పూర్తయిన గంటలో మొదలవ్వాలి. అమెరికాలో హోటళ్ళకు వర్తించే ఫుడ్ కోడ్ ప్రకారం వండినది రెండు గంటల్లో 57 నుంచి 21 డిగ్రీలకు, ఆ తర్వాతి నాలుగు గంటల్లో 5 డిగ్రీలకు దిగాలి. పెద్ద కుక్కర్ నిండా ఉన్న పప్పు మూతతో సహా గట్టు మీద ఉంటే ఇది అయ్యే పని కాదు. పులిహోరకు అన్నం ఆరబెట్టినట్టు వెడల్పాటి పళ్ళెంలో పరిచి, ఫ్యాన్ కింద పెడితే అన్నం పదిహేను ఇరవై నిమిషాల్లో ఆవిరి ఆగేదాకా వస్తుంది. పప్పు, కూరల గిన్నెను చల్లటి నీళ్ళున్న బేసిన్‌లో పెట్టి గరిటెతో కలుపుతుండాలి. మే నెలలో పైట్యాంకు నుంచి వచ్చే నీళ్ళే వేడిగా ఉంటాయి కాబట్టి ఆ నీళ్ళలో ఒక ట్రే ఐసు ముక్కలు వెయ్యక తప్పదు. ఆవిరి ఆగగానే చిన్న డబ్బాల్లోకి సర్ది ఫ్రిజ్‌లోకి, అక్కడ్నుంచి ఫ్రీజర్‌లోకి. పూర్తిగా చల్లారేదాకా ఫ్రిజ్‌లో పెట్టకూడదన్న పాత భయం వల్ల జరిగే నష్టమే ఎక్కువ. పొగలు కక్కే పెద్ద గిన్నెను పెడితే పక్కనున్న పాలు, పెరుగు వేడెక్కుతాయన్నది నిజమే. చిన్న డబ్బాలైతే ఆ సమస్య రాదు.

డబ్బా లోతు తక్కువగా ఉండటం చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ చాలా తేడా చేస్తుంది. మందం రెట్టింపైతే గడ్డకట్టడానికీ కరగడానికీ పట్టే సమయం నాలుగు రెట్ల దాకా పెరుగుతుంది. రెండంగుళాల మందాన గుండ్రటి గిన్నెలో పెట్టినదానికీ, అంగుళం మందాన పలకలా పరిచినదానికీ తేడా అక్కడే. జిప్ కవర్లో పప్పు పోసి, గాలి నొక్కేసి, పడుకోబెట్టి గడ్డకట్టిస్తే పుస్తకాల్లా ఒకదాని పక్కన ఒకటి నిలబెట్టుకోవచ్చు కూడా.

సింగిల్ డోర్ ఫ్రిజ్ ఉన్నవాళ్ళు ఒకటి గమనించాలి. పైన ఉండే చిన్న అర అన్ని ఫ్రిజ్‌ల్లోనూ మైనస్ 18కి వెళ్ళదు. కొన్నింటి ఫ్రీజర్ తలుపు మీద నక్షత్రాల గుర్తులుంటాయి. ఒకటుంటే మైనస్ 6, రెండుంటే మైనస్ 12, మూడుంటే మైనస్ 18. (కరెంటు ఆదాకు ఇచ్చే బీఈఈ స్టార్లు వేరు, వాటితో దీనికి సంబంధం లేదు.) మొదటి రకంలో వారం రోజులకు మించి నమ్మకం పెట్టుకోకూడదు. మూడో రకంలో పప్పు, కూరలు రెండు మూడు నెలలు రుచి చెడకుండా ఉంటాయి.

ఇక కరిగించడం. ఇందులో పెద్ద రహస్యమేం లేదు. రాత్రి పడుకునే ముందు డబ్బాను ఫ్రీజర్ నుంచి కింది అరలోకి దించాలి. పలుచగా ఉన్నది పొద్దుటికి చాలావరకు కరుగుతుంది, మందంగా ఉన్నదాన్ని ముందురోజు పొద్దునే దించుకోవాలి. మర్చిపోయి పొద్దున గుర్తొస్తే, గాలి చొరబడని కవర్లో ఉన్నదాన్ని చల్లటి నీళ్ళలో ముంచి, అరగంటకోసారి నీళ్ళు మార్చాలి. ఆఫీసుకు పరుగెత్తే ఇంట్లో ఇది కాగితం మీద మాటే. దానికంటే గడ్డగా ఉన్నదాన్ని అలాగే ఇన్సులేటెడ్ బ్యాగులో వేసుకుని బయల్దేరడం నయం. ఎల్బీనగర్ నుంచి హైటెక్ సిటీకి మెట్రోలో గంటకు పైగా ప్రయాణం. ఆ కాసేపూ బాక్సే తనకు తాను ఐసు గడ్డ. చేరగానే ఆఫీసు ఫ్రిజ్‌లో పెడితే ఏ ప్రమాదమూ లేదు. కరిగినా, కరగకపోయినా 5 డిగ్రీల లోపే ఉంటుంది. ఆఫీసులో ఫ్రిజ్ లేకపోతే బాక్సుకు పైనా కిందా ఐస్ ప్యాక్‌లు పెట్టుకోవాల్సిందే.

ఓవెన్ దగ్గర క్యూ ఎందుకు పెరుగుతుందో లెక్కవేసి చూస్తే సరదాగా ఉంటుంది. 400 గ్రాముల సాంబారన్నంలో ముప్పాతిక వంతు నీళ్ళే అనుకుందాం. మైనస్ 18 నుంచి సున్నాకు రావడానికి సుమారు 15 కిలోజౌళ్ళ (శక్తిని కొలిచే లెక్క) వేడి చాలు. సున్నా దగ్గరున్న మంచు సున్నా దగ్గరే నీరవడానికి 100 కిలోజౌళ్ళు కావాలి. అక్కడ్నుంచి 75 డిగ్రీలకు చేరడానికి మరో 105. మొత్తం 220లో దాదాపు సగం ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ కూడా పెంచకుండా, కేవలం మంచు కరగడానికే పోయింది. 800 వాట్ల ఓవెన్ చుక్క వృథా చేయకుండా పనిచేసినా దీనికి నాలుగున్నర నిమిషాలు. రాత్రి ఫ్రిజ్‌లో కరిగినదైతే రెండు నిమిషాలు దాటదు. పాంట్రీలో రాయని రూలు పెట్టినవాళ్ళెవరో కానీ లెక్క తెలిసినవాళ్ళే.

సమయం ఒక్కటే కాదు, వేడి సమంగా అందదు కూడా. మైక్రోవేవ్ తరంగాలు నీటి అణువులను ఊపి వేడి పుట్టిస్తాయి. మంచులో ఆ అణువులు ఒకదానికొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి కాబట్టి తరంగాలకు పెద్దగా స్పందించవు. ఎక్కడో ఓ మూల కాస్త కరిగితే, ఆ నీరు వచ్చిన తరంగాలన్నీ తనే లాగేసుకుని మరిగిపోతుంది. పక్కనున్న మంచు మంచుగానే ఉంటుంది. అంచుల్లో కుతకుత, మధ్యలో రాయి అన్న పాంట్రీ దృశ్యానికి కారణం ఇదే. డీఫ్రాస్ట్ బటన్ నొక్కితే చాలా ఓవెన్లు కొన్ని సెకన్లు పనిచేసి కొన్ని సెకన్లు ఆగుతూ ఉంటాయి. ఆగినప్పుడు కరిగిన చోటి వేడి మెల్లగా పక్కలకు పాకుతుంది. మైక్రోవేవ్ లోపల్నుంచి వేడి చేస్తుందన్న మాట కూడా సరికాదు. తరంగాలు రెండు మూడు సెంటీమీటర్ల లోతు దాకానే బలంగా దిగుతాయి. అక్కడ్నుంచి లోపలికి మామూలు పద్ధతిలో వేడి పాకాల్సిందే.

అందుకే అన్నాన్ని మధ్యలో గుంట చేసి అంచులకు నెట్టి పెట్టాలి. పైన ఒక చెంచా నీళ్ళు చిలకరించి, ఆవిరి పోయే సందు ఉండేలా మూత వదులుగా పెట్టాలి. సగం సమయం అయ్యాక తీసి కింది నుంచి పైకి కలపాలి. ఆపాక ఒకటి రెండు నిమిషాలు అలాగే వదిలేస్తే వేడి సర్దుకుంటుంది. చాలామంది మర్చిపోయేది ఈ చివరి రెండు నిమిషాలనే, పైగా దానికి క్యూలో వాళ్ళు ఆగక్కర్లేదు. మధ్యలో ఎంత వేడెక్కాలన్న దానికి అమెరికా వ్యవసాయ శాఖ లెక్క 74 డిగ్రీలు. బ్రిటన్ ఫుడ్ స్టాండర్డ్స్ ఏజెన్సీ 70 డిగ్రీల దగ్గర రెండు నిమిషాలంటుంది. పొడుచుకునే థర్మామీటర్ ఆఫీసుకు ఎవరూ తీసుకెళ్ళరు. మధ్యలోంచి చెంచాడు తీస్తే పొగలు రావాలి, నోట్లో పెట్టుకోవడానికి ఊదుకోవాల్సి రావాలి. అంచుల్లో వచ్చే పొగలు లెక్కలోకి రావు.

స్టీలు బాక్సు మన ఇళ్ళలో రాజు, ఓవెన్‌లోకి మాత్రం పనికిరాదు. లోహం తరంగాలను వెనక్కి కొడుతుంది. అలాగని దాన్ని పక్కన పెట్టేయనక్కర్లేదు. చల్లార్చడానికి, గడ్డకట్టించడానికి, ఫ్రిజ్‌లో కరిగించడానికి దాన్ని మించింది లేదు, వేడిని గాజుకంటే ప్లాస్టిక్‌కంటే త్వరగా పంపుతుంది. పాంట్రీలో ఉండే పింగాణీ ప్లేటులోకి మార్చుకుంటే సరి. బిర్యానీ పార్సిలుకు వచ్చిన పలుచటి ప్లాస్టిక్ డబ్బాలు, ఐస్‌క్రీమ్ డబ్బాలు ఓవెన్‌కు తగవు. కూరలో తేలే నూనె నీటికంటే ఎక్కువ వేడెక్కుతుంది, అంత వేడికి అవి వంకర్లు పోతాయి. ప్లాస్టికే కావాలంటే మైక్రోవేవ్ గుర్తుండి, అడుగున త్రికోణంలో 5 అంకె ఉన్న డబ్బా చూసుకోవాలి. మామూలు గాజుగిన్నెను ఫ్రీజర్ నుంచి నేరుగా ఓవెన్‌లోకి మారిస్తే పగిలే అవకాశముంది.

ప్లగ్ పెట్టుకునే ఎలక్ట్రిక్ లంచ్ బాక్సులు గడ్డకట్టిన తిండికి తగినవి కావు. 40 వాట్ల బాక్సు అనుకుంటే పై లెక్క ప్రకారం 220 కిలోజౌళ్ళకు గంటన్నర. అంతసేపూ కరిగిన భాగం గోరువెచ్చగా కూర్చుంటుంది. అంతకంటే పొద్దునే ఇంట్లో మరిగించి, వేడినీళ్ళతో కడిగి వెచ్చబరిచిన మంచి ఫ్లాస్కులో పోసుకెళ్ళడం మేలు. ఒంటిగంటకు తెరిస్తే నోరు కాలాలి. గోరువెచ్చగా ఉందంటే ఆ ఫ్లాస్కు పనికిరానట్టే. మామూలు హాట్‌ప్యాక్‌లు చాలావరకు ఈ పరీక్షలో తప్పుతాయి.

ఏవి ఫ్రీజర్‌కు ఒప్పుకుంటాయన్నది రుచి విషయం. పప్పు, సాంబారు, రాజ్మా, కీమా, ఇడ్లీలు, చపాతీలు బాగా నిలుస్తాయి. బంగాళదుంప పొడిపొడిగా, ఇసుకలా మారుతుంది. బీరకాయ, సొరకాయ నీళ్ళొదిలేస్తాయి. పెరుగు విరుగుతుంది. ఉడికిన గుడ్డు తెల్లసొన రబ్బరవుతుంది, పైగా గుడ్డును అలాగే ఓవెన్‌లో పెడితే పేలుతుంది. అన్నం మాత్రం ఆశ్చర్యపరుస్తుంది. ఫ్రిజ్‌లో ఉన్న అన్నం గట్టిపడి బిరుసెక్కుతుంది, ఫ్రీజర్‌లోది అంతగా ఎక్కదు. అన్నంలోని పిండి మళ్ళీ గట్టిపడే పని ఫ్రిజ్ చల్లదనం దగ్గరే వేగంగా జరుగుతుంది, గడ్డకట్టాక దాదాపు ఆగిపోతుంది. ఏ కూరకైనా ఓవెన్ నుంచి తీశాక పోపు రుచి తగ్గినట్టుంటుంది, దానికి ఉపాయం ఆఫీసులో లేదు.

అన్నీ సరిగ్గా చేసి బాక్సు తెచ్చిన రోజే టీమ్ లంచ్ అంటారు. అప్పుడా బాక్సు సంగతేమిటి? పొద్దున్నుంచీ ఆఫీసు ఫ్రిజ్‌లోనే ఉండి, ఇంకా వేడి చేయకపోతే, ఐస్ ప్యాక్‌తో ఇంటికి తీసుకెళ్ళి రాత్రికి తినొచ్చు. ఫ్రిజ్‌లోనే కరిగినదాన్ని తిరిగి ఫ్రీజర్‌లో పెట్టినా తప్పులేదు, కాస్త రుచి తగ్గుతుందంతే. ఓవెన్‌లో ఒకసారి వేడిచేసి సగం వదిలేసినదాన్ని మాత్రం మళ్ళీ దాచి, మళ్ళీ వేడి చేయకూడదు. పొద్దున్నుంచీ డెస్క్ మీద ఉన్నదైతే ఎంత బాగా కనిపించినా, ఎవరు వండినదైనా, డస్ట్‌బిన్‌లోకే.